రైల్వే రాజు జార్జ్ హడ్సన్: ఎవరూ అడగని లెక్కల కథ

యార్క్ నగరంలో రైల్వే స్టేషనుకు కొద్ది దూరంలో, మిక్లిగేట్‌ను ఆనుకొని ఒక చిన్న వీధి ఉన్నది. 1840లలో దానికి హడ్సన్ స్ట్రీట్ అని పేరు పెట్టారు. ఆ పేరు గల మనిషి పతనమైన తరువాత నగరపాలకులు దానిని తీసివేసి రైల్వే స్ట్రీట్ అన్నారు. 1971లో, అతడు మరణించిన నూరేళ్ళకు, అదే వీధి జార్జ్ హడ్సన్ స్ట్రీట్ అయింది. ఒక నగరం ఒకే మనిషి పేరును ఒకసారి గౌరవంతో పెట్టుకొని, ఒకసారి సిగ్గుతో చెరిపివేసి, మరొకసారి ఆలోచించి తిరిగి నిలుపుకున్నదంటే, ఆ జీవితంలో మెచ్చుకోవలసినదీ, జాగ్రత్తపడవలసినదీ రెండూ ఉన్నాయని అర్థం.

ఆలయ వార్షికోత్సవ సంచికలో ఒక ఆంగ్లేయ రైల్వే వ్యాపారి చరిత్ర ఎందుకని పాఠకులు అడగవచ్చు. హడ్సన్ కథ పైకి ఇనుప పట్టాల కథ. లోపల అది నలుగురూ నమ్మి ఇచ్చిన సొమ్ము కథ. నలుగురి సొమ్ముతో నడిచే ఏ సంస్థకైనా, అది రైల్వే కంపెనీ కానీ దేవాలయం కానీ, ఈ కథలో తెలుసుకోవలసినది ఉన్నది. పైగా ఈ దేశంలో స్థిరపడిన మనలో ఎందరో అతడు వేయించిన దారులమీదనే రోజూ ప్రయాణిస్తున్నాము.

బట్టల దుకాణం నుండి మేయరు పీఠానికి

జార్జ్ హడ్సన్ 1800 మార్చి 10వ తేదీన యార్క్‌షైరులోని హౌషమ్ అనే పల్లెలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. బాల్యంలోనే తల్లిని, తండ్రిని పోగొట్టుకున్నాడు. పదిహేనవ ఏట యార్క్ చేరి ఒక బట్టల దుకాణంలో పనివాడుగా కుదిరాడు. చదువు అంతంతమాత్రమే కాని చురుకుదనానికి, మాటకారితనానికి లోటులేదు. ఆ దుకాణం యజమానుల కుటుంబానికే చెందిన ఎలిజబెత్ నికల్సన్‌ను 1821లో వివాహమాడి, క్రమంగా వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు.

1827లో అతని జీవితం మలుపు తిరిగింది. మాథ్యూ బాట్రిల్ అనే బంధువు, తాతవరుసవాడు, జబ్బుపడినప్పుడు హడ్సన్ దగ్గరుండి చూసుకున్నాడు. ఆ వృద్ధుడు మరణిస్తూ సుమారు 30,000 పౌండ్ల ఆస్తిని అతని పేర వ్రాసిపోయాడు. ఆ రోజులకు అది అపారమైన ధనం. ఆ ఆస్తి రావడమే తన జీవితంలో జరిగిన అన్నిటికంటె చెడ్డ సంగతి అని, అదే తనను రైల్వేలలోకి దింపి కష్టాల పాలు చేసిందని హడ్సన్ ముసలితనంలో అన్నాడట.

ధనం రాగానే రాజకీయం వచ్చింది. అంతవరకు మెథడిస్టు ప్రార్థనామందిరానికి వెళ్ళినవాడు ప్రభుత్వ చర్చిలోనూ టోరీ పక్షంలోనూ చేరాడు. 1833లో యార్క్ యూనియన్ బ్యాంకు స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు. 1837లో నగరానికి లార్డ్ మేయర్ అయ్యాడు. మొత్తంమీద మూడుసార్లు ఆ పదవిని అలంకరించాడు.

పట్టాలన్నీ యార్క్‌కే

1834లో విట్‌బీ రేవు పట్టణంలో హడ్సన్‌కు జార్జ్ స్టీఫెన్‌సన్‌తో పరిచయమైంది. రైలు యుగానికి తండ్రి వంటి ఆ ఇంజనీరు, అప్పుడప్పుడే చేతికి ధనం వచ్చిన ఈ వ్యాపారి ఒకరికొకరు నచ్చారు. లండనుకు వెళ్ళే ఇనుపదారి యార్క్‌ను తప్పించుకొని పోకూడదన్నది హడ్సన్ పట్టుదల. రైలుదారులన్నీ యార్క్‌కే రావాలని అతడు యార్క్‌షైర్ యాసలో అన్న మాట నేటికీ ఆ ప్రాంతంలో సామెతలా వినిపిస్తుంది.

యార్క్ అండ్ నార్త్ మిడ్‌లాండ్ రైల్వేకు 1836లో పార్లమెంటు అనుమతి లభించింది. హడ్సన్ దానికి అధ్యక్షుడయ్యాడు. 1839 మే 29న మొదటి భాగం తెరిచారు. మరుసటి సంవత్సరానికి యార్క్ నుండి లండను దాకా రైలుమార్గం కలిసింది. గుర్రపుబండిలో సుమారు ఒక పగలూ ఒక రాత్రీ పట్టే ప్రయాణం ఒక్క పగటిలోనికి కుదించుకుపోయింది.

హడ్సన్ ప్రతిభ ఇంజనీరు ప్రతిభ కాదు, విడివిడిగా ఉన్నవాటిని కలిపే ప్రతిభ. ఆ కాలంలో ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క ముక్క దారి ఉండేది. ప్రయాణికుడు ఒక కంపెనీ బండి దిగి మరొక కంపెనీ బండి ఎక్కవలసి వచ్చేది. ఈ ముక్కలను కలిపితేనే అందరికీ లాభమని ముందుగా గ్రహించినవారిలో హడ్సన్ ఒకడు. కంపెనీల మధ్య టికెట్ల సొమ్మును పంచి లెక్కతేల్చే రైల్వే క్లియరింగ్ హౌస్ 1842లో ఏర్పడినప్పుడు దానికి అండగా నిలిచాడు. 1844లో డెర్బీ నగరంలో ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్న మూడు కంపెనీలను ఏకంచేసి మిడ్‌లాండ్ రైల్వేను నిర్మించి, దానికి అధ్యక్షుడయ్యాడు. అదే సంవత్సరం జూన్‌లో లండను నుండి టైన్ నదీతీరంలోని గేట్స్‌హెడ్ వరకు రైలు నడిచింది. అప్పటికి వెయ్యి మైళ్ళకు పైగా రైలుదారి అతని ఏలుబడిలో ఉన్నది. సిడ్నీ స్మిత్ అనే చమత్కారి అయిన క్రైస్తవ మతాచార్యుడు అతనికి రైల్వే రాజు అని పేరు పెట్టాడు. ఆ పేరు దేశమంతా పాకింది.

1845 ఆగస్టులో సండర్‌ల్యాండ్ ప్రజలు అతనిని పార్లమెంటుకు ఎన్నుకున్నారు. బొగ్గు ఎగుమతితో బ్రతికే ఆ పట్టణానికి పెద్ద నౌకాశ్రయం కట్టిస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడ. 1850లో ప్రారంభమైన ఆ రేవుకు హడ్సన్ డాక్ అనే పేరే నిలిచింది.

ఉన్మాద సంవత్సరాలు

1845, 1846 సంవత్సరాలను ఆంగ్ల చరిత్రకారులు రైల్వే ఉన్మాదకాలమంటారు. బ్యాంకులిచ్చే వడ్డీ తక్కువ, రైల్వే షేర్ల మీద వచ్చే లాభం ఎక్కువ. పైగా షేరు విలువంతా ఒకేసారి చెల్లించనక్కరలేదు. కొద్దిపాటి తొలివాయిదా కట్టి షేరు తీసుకొని, ధర పెరగగానే అమ్మివేయవచ్చు. మతాచార్యులు, ఉపాధ్యాయులు, వితంతువులు, మాబోటి వైద్యులు, పొదుపు చేసుకున్న ఇంటిపనివారు సైతం ఈ షేర్లు కొన్నారు.

మరుసటి పార్లమెంటు సమావేశాలకు కొత్త రైలుదారుల పటాలు సమర్పించడానికి 1845 నవంబరు 30 గడువు. అది ఆదివారం. ఆ రాత్రి పటాల కట్టలు పట్టుకొని దేశం నలుమూలల నుండి జనం లండనుకు పరుగులు తీశారు. పోటీ కంపెనీల పటాలను తమ రైళ్ళలో తీసుకుపోవడానికి కొన్ని రైల్వేలు నిరాకరించగా, ఒకచోట పటాలను శవపేటికలో దాచి తరలించారని చెప్పుకుంటారు. 1846 ఒక్క సంవత్సరంలోనే 260కి పైగా రైల్వే చట్టాలను పార్లమెంటు ఆమోదించింది. ఆ సంవత్సరాలలో అనుమతి పొందిన దారులలో చాలా మైళ్ళు ఏనాడూ కట్టనేలేదు.

ఈ సంరంభానికి నడిబొడ్డున హడ్సన్ ఉన్నాడు. ఫలానా కంపెనీలో అతడు చేరుతున్నాడంటే చాలు, దాని షేరు ధర పెరిగేది. డెవన్‌షైర్ డ్యూక్ నుండి లోండ్స్‌బరో ఎస్టేటును సుమారు 4,75,000 పౌండ్లకు కొన్నాడు. లండనులో హైడ్ పార్కు ప్రక్కన ఆల్బర్ట్ గేట్ వద్ద ఒక మహాభవనం కొన్నాడు. నేడు అది ఫ్రెంచి రాయబార కార్యాలయం. ఆ భవనంలో విందులకు ప్రభువులు, ప్రభ్వులు బారులు తీరేవారు. వడ్డించినది తిని, బయటకు వచ్చి, హడ్సన్ యాసను, అతని భార్య అమాయకపు మాటలను చెప్పుకొని నవ్వుకునేవారు.

విత్తనపు గింజల విందు

రైల్వే కంపెనీకి రెండు విధాలైన సొమ్ము ఉంటుంది. దారి వేయడానికి షేరుదారులు ఇచ్చిన మూలధనం ఒకటి. బండ్లు నడిచాక టికెట్ల మీద, సరకుల మీద వచ్చే ఆదాయం రెండవది. ఖర్చులు పోగా ఆదాయంలో మిగిలినదానినే లాభంగా పంచాలి. మూలధనాన్ని ముట్టుకోకూడదు. అది విత్తనపు గింజ. హడ్సన్ కంపెనీలలో ఈ రెంటి మధ్య గోడ చెరిగిపోయింది. ఆదాయం నుండి పెట్టవలసిన ఖర్చులను మూలధనం పద్దులో వ్రాసేవారు. దానివలన లాభం ఎక్కువగా కనిపించేది. కొత్త దారుల కోసం వచ్చిన సొమ్ములోనుండి పాత షేరుదారులకు లాభాలు పంచేవారు. విత్తనపు గింజలను వండి వడ్డించి, ఈ ఏడు పంట బాగా పండిందని చెప్పడమన్నమాట. నా వృత్తి భాషలో చెప్పాలంటే, రోగి కుడిచేతి నుండి రక్తం తీసి ఎడమచేతికి ఎక్కిస్తూ, రక్తం పెరిగిందని బంధువులను సంతోషపెట్టడం వంటిది.

అధ్యక్షుడుగా కంపెనీ తరఫున ఏమి కొనాలో నిర్ణయించేవాడు హడ్సనే. కొన్నిసార్లు కంపెనీకి అమ్మేవాడు కూడ హడ్సనే. పట్టాల ఇనుమును తాను చౌకగా కొని, తాను అధ్యక్షత వహించే కంపెనీకే హెచ్చు ధరకు అమ్మాడు. తన వద్ద ఉన్న వేరొక కంపెనీ షేర్లను కూడ అలాగే కట్టబెట్టాడు. కొత్తగా జారీచేసిన షేర్లలో తనకు హక్కులేని భాగాన్ని తన పేర ఉంచుకున్నాడు. భూములు ఇచ్చిన రైతులకు, జమీందారులకు చెల్లించవలసిన సొమ్ము కొంత అతని సొంత ఖాతాలోనే నిలిచిపోయింది.

ఇదంతా చీకటిలో జరిగిందా అంటే, లేదు. అతని చుట్టూ డైరెక్టర్లు ఉన్నారు, ఆడిటర్లు ఉన్నారు. ఆరునెలలకొకసారి షేరుదారుల సభ జరిగేది. ఆ సభలలో లెక్కల వివరాలు చదవడం అతనికి గిట్టేది కాదు. కాగితాలన్నీ చూపేకంటె లాభం శాతం ప్రకటించడమే అతనికి ఇష్టం. యార్క్ అండ్ నార్త్ మిడ్‌లాండ్ షేరుదారులకు నూటికి పది చొప్పున ముడుతూ ఉండేది. పది శాతం చేతిలో పడినవాడు పద్దుల పుస్తకం చూపమని ఎందుకు అడుగుతాడు? అడగబోయినవాడిని ప్రక్కనున్నవారే కూర్చోబెట్టేవారు. చప్పట్లతో సభ ముగిసేది.

హడ్సన్‌ను వట్టి దొంగ అని కొట్టిపారవేయడం సులభమే కాని అది సత్యానికి దూరం. పనులు త్వరగా కావాలనే ఆతృతలో సొంత సొమ్మును కూడ ఎన్నోసార్లు అతడు కంపెనీల కోసం పూచీపడ్డాడు. తన జేబు, కంపెనీ జేబు వేరువేరని క్రమంగా మరచిపోయాడు. తానే కంపెనీ అనుకున్నాడు. చుట్టూ ఉన్నవారూ అలాగే అనుకున్నారు.

హావర్త్ గ్రామంలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు

హడ్సన్‌ను నమ్మినవారిలో ఆంగ్ల సాహిత్యం చదివిన ప్రతివారికీ తెలిసిన ముగ్గురు ఉన్నారు. యార్క్‌షైరులోని హావర్త్ గ్రామంలో చర్చి ఆచార్యుని కుమార్తెలు షార్లెట్, ఎమిలీ, ఆన్ బ్రాంటీలు. 1842లో వారి పెద్దతల్లి ఎలిజబెత్ బ్రాన్‌వెల్ మరణిస్తూ తన పొదుపును మేనకోడళ్ళకు మిగిల్చింది. తలకు 300 పౌండ్లకు అటూఇటూగా వచ్చిన ఆ సొమ్ములో పెద్దభాగం యార్క్ అండ్ నార్త్ మిడ్‌లాండ్ షేర్లలో పెట్టారు. వ్యవహారమంతా ఎమిలీ చూసేది. ప్రతిదినమూ పత్రికలలో రైల్వే వార్తలు చదివి శ్రద్ధగా లెక్కలు చూసుకునేది.

షేరు ధరలు ఆకాశాన్నంటిన రోజులలోనే షార్లెట్‌కు అనుమానం కలిగింది. ఎంత మంచి దారి అయినా ఈ ధర చిరకాలం నిలవదని, ఇప్పుడే అమ్మి భద్రమైన చోట పెడితే బాగుంటుందని ఆమెకు తోచింది. కాని ఎమిలీ ఒప్పుకోలేదు. చెల్లెలి మనస్సు నొప్పించడంకంటె నష్టపోయినా ఫరవాలేదనుకొని షార్లెట్ ఊరకున్నది. ఈ సంగతి 1846 జనవరిలో తన పాత ఉపాధ్యాయినికి ఆమె వ్రాసిన ఉత్తరంలో ఉన్నది.

1848 డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్ క్షయవ్యాధితో కన్నుమూశారు. అదే సంవత్సరం షార్లెట్ తన ప్రచురణకర్తకు వ్రాస్తూ, 50 పౌండ్ల షేరు ఒకప్పుడు 120 దాకా పెరిగి ఇప్పుడు 20కి పడిపోయిందని తెలియజేసింది. నవలల ఆదాయం ఉన్నందున ఆమె నిలదొక్కుకున్నది. అదే షేర్లను నమ్ముకున్న అనేకమందికి వేరొక ఆధారం లేదు.

షార్లెట్ మౌనంలో ఒక సున్నితమైన విషయం ఉన్నది. ఆమె అడగకపోవడానికి కారణం దురాశ కాదు, ప్రేమ. హడ్సన్ సభలలో షేరుదారులను ఆపినది లాభాపేక్ష. హావర్త్ ఇంటిలో అక్కను ఆపినది మొగమాటం. కారణాలు వేరైనా ఫలితం ఒక్కటే అయింది.

ఒక్క ప్రశ్న

1847 నాటికి దేశంలో డబ్బు కటకట ఏర్పడింది. షేరు ధరలు పడిపోసాగాయి. రైల్వేలు మూలధనం నుండి లాభాలు పంచుతున్నాయని ఆర్థర్ స్మిత్ అనే రచయిత 1848లో ఒక చిన్న పుస్తకం ప్రకటించి బాహాటంగా చెప్పాడు. లాభాలు తగ్గడంతో షేరుదారులకు లెక్కలు గుర్తుకు వచ్చాయి.

1849 ఫిబ్రవరిలో యార్క్, న్యూకాజిల్ అండ్ బెరిక్ రైల్వే సభలో లండను షేరు బజారుకు చెందిన రాబర్ట్ ప్రాన్స్ అనే షేరుదారుడు లేచి నిలబడ్డాడు. కంపెనీ కొన్న కొన్ని షేర్లకు బజారులో ఎన్నడూ లేని ధర చెల్లించినట్లు పద్దులలో కనిపిస్తున్నదని, వాటిని అమ్మినది ఎవరని అడిగాడు. అమ్మినది ఎదుట పీఠంమీద ఉన్న అధ్యక్షుడే. హడ్సన్ తడబడ్డాడు. పొరపాటు జరిగి ఉంటే ఎక్కువైన సొమ్మును తిరిగి ఇస్తానన్నాడు. సభ విచారణసంఘాన్ని నియమించింది.

ఆ తరువాత అంతా వేగంగా జరిగిపోయింది. ఒక కంపెనీలో మొదలైన విచారణ మిగిలినవాటికి ప్రాకింది. ఈస్టర్న్ కౌంటీస్ రైల్వే షేరుదారులు సమావేశమైనప్పుడు అధ్యక్షుడైన హడ్సన్ ఆ సభకు రానేలేదు. కొన్ని నెలలలోనే ఒకదాని తరువాత ఒకటిగా అన్ని అధ్యక్ష పదవులూ పోయాయి. మే నెలలో పార్లమెంటులో తన తరఫున తాను చెప్పుకోగా, సభ మౌనంగా విని ఊరకున్నది. అదే నెలలో అతని వ్యవహారాలలో పాలుపంచుకున్న బావమరిది రిచర్డ్ నికల్సన్ ఊజ్ నదిలో పడి ప్రాణం తీసుకున్నాడు. నిన్నటిదాకా ఆల్బర్ట్ గేట్ భవనంలో భోజనం చేసినవారే హడ్సన్‌ను ఎరుగనట్లు నటించారు. టామస్ కార్లైల్ అతనికి విగ్రహం పెట్టబోయిన సమాజాన్నే ఎగతాళి చేస్తూ 1850లో ఒక వ్యాసం వ్రాశాడు.

మహాభారతంలోని నహుషుని కథ మనకు తెలుసు. ఇంద్రుడు లేని సమయంలో దేవతలు, ఋషులు నహుషుని పిలిచి, నీవే తగినవాడవని స్వర్గాధిపత్యం ఇచ్చారు. అధికారం తలకెక్కి ఋషులచేత పల్లకి మోయించాడు. అగస్త్యుని శాపంతో కొండచిలువ అయి నేలకు జారాడు. ఆ కథలో నహుషుని గర్వాన్నే మనం చెప్పుకుంటాము. పల్లకి క్రింద భుజం పెట్టినవారు అంతవరకూ ఎందుకు మోశారన్నది కూడ ఆలోచించదగినదే.

చివరి ఇరవై రెండేళ్ళు

హడ్సన్ మీద నేరవిచారణ జరగలేదు. కంపెనీలు దావాలు వేశాయి. ఎస్టేట్లు ఒక్కొక్కటే అమ్ముకుంటూ బాకీలు తీర్చసాగాడు. పార్లమెంటు సభ్యుడుగా ఉన్నంతకాలం బాకీలకోసం అతనిని నిర్బంధించడానికి వీలులేదు. సండర్‌ల్యాండ్ ప్రజలు రేవు కట్టించినవానిని మరువక 1852లోనూ 1857లోనూ మళ్ళీ గెలిపించారు. 1859లో ఓడిపోగానే ఆ రక్షణ తొలగింది. హడ్సన్ ఫ్రాన్సు దేశానికి వెళ్ళిపోయాడు. ఒకప్పుడు ప్రభువులకు విందులిచ్చినవాడు ఫ్రెంచి రేవుపట్టణాలలో చవక గదులలో కాలం గడిపాడు. ఓడ కదులుతుండగా మాసిన దుస్తులతో తీరాన నిలబడి పరిచయస్థునికి చేయి ఊపుతున్న ఒక వృద్ధుని చూసి, అతడు హడ్సన్ అని విని, చార్లెస్ డికెన్స్ ఆ సంగతి మిత్రునికి చెప్పాడు.

1865లో విట్‌బీ నుండి పార్లమెంటుకు పోటీచేయడానికి తిరిగివచ్చాడు. పోలింగుకు ముందు అప్పులవాళ్ళు నిర్బంధింపజేసి యార్క్ కోటలోని ఋణగ్రస్తుల చెరలో పెట్టించారు. మూడుసార్లు మేయరుగా ఉన్న ఊరిలోనే మూడు నెలలు ఖైదీగా ఉన్నాడు. తరువాత పాత మిత్రులు చందాలు వేసుకొని అతనికి ఏటేటా కొంత సొమ్ము అందే ఏర్పాటు చేశారు. అప్పుకోసం మనుషులను చెరలో పెట్టే పద్ధతి చట్టం ద్వారా 1870 జనవరి నుండి సడలిపోగా, లండను చేరి భార్యతో కలిసి నిరాడంబరంగా జీవించాడు. 1871 డిసెంబరు 14న మరణించాడు. మిగిలిన ఆస్తి 200 పౌండ్లకు లోపు. యార్క్‌షైరులో స్క్రేయింగ్‌హామ్ గ్రామపు చర్చి ఆవరణలో, తాను పుట్టిన పల్లెకు సమీపాననే అతని సమాధి ఉన్నది.

అదే 1849లో మన దేశం

హడ్సన్ పతనమైన సంవత్సరమే భారతదేశ రైల్వేల చరిత్రలోనూ ముఖ్యమైనది. 1849 ఆగస్టు 17న ఈస్టిండియా కంపెనీ లండనులోని రెండు రైల్వే కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్నది. భారతదేశంలో రైలుదారులు వేసే కంపెనీల మూలధనానికి నూటికి ఐదు చొప్పున రాబడికి హామీ ఇచ్చింది. రైలు లాభం తేకపోతే ఆ లోటును భారతదేశపు పన్నుల నుండి పూరించాలి. ఉన్మాదకాలంలో చేతులు కాల్చుకున్న ఆంగ్ల మదుపుదారులు హామీ లేనిదే సొమ్ము తీయని రోజులవి.

మద్రాసు రైల్వే కంపెనీ కూడ ఇటువంటి హామీమీదనే ఏర్పడింది. రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా సాగిన దాని వాయవ్య మార్గం 1871లో, హడ్సన్ మరణించిన సంవత్సరమే, రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించాడు. రైళ్ళమీద పెట్టే సొమ్మును కాలువలమీద పెడితే సాగునీరూ, జలరవాణా రెండూ చవకగా దక్కుతాయని జీవితాంతం వాదించాడు. భారత ప్రభుత్వంలో ఆర్థికశాఖ నిర్వహించిన విలియం మాసీ 1872లో పార్లమెంటు సంఘం ఎదుట సాక్ష్యమిస్తూ, ఐదు శాతం హామీ ఉన్నంతకాలం తన సొమ్మును హుగ్లీ నదిలో పారవేసినా, ఇటుకలుగా మార్చినా ఆంగ్ల మదుపుదారుకు ఒకటేనని చెప్పాడు.

ఇంగ్లండులో తప్పుడు లాభం ప్రశ్నను నిద్రపుచ్చింది. భారతదేశంలో హామీ లాభం ప్రశ్న పుట్టే అవసరమే లేకుండా చేసింది. మొదటిదానిలో నష్టపోయినవారు సభకు వెళ్ళి అడగగలిగినవారు. రెండవదానిలో భారం మోసిన కడప రైతుకు ఆ సభ ఎక్కడ జరుగుతుందో కూడ తెలియదు.

మిగిలినది

హడ్సన్ వేయించిన దారులు మిగిలాయి. రాబర్ట్ స్టీఫెన్‌సన్ రూపొందించిన న్యూకాజిల్ హైలెవెల్ వంతెనను విక్టోరియా రాణి 1849 సెప్టెంబరులో ప్రారంభించింది. దానికోసం పాటుపడిన హడ్సన్ అప్పటికి పదవిలో లేడు. అతడు ఏలిన ఉత్తరాది కంపెనీలు 1854లో నార్త్ ఈస్టర్న్ రైల్వేగా ఏకమయ్యాయి. యార్క్ రైల్వే నగరంగానే ఎదిగింది. జాతీయ రైల్వే మ్యూజియం ఉన్నది కూడ అక్కడనే.

మరొకటి కూడ మిగిలింది. కంపెనీతో సంబంధంలేని నిపుణుడు పద్దులు పరిశీలించాలన్న ఆలోచన ఆ కుంభకోణం తరువాతనే బలపడింది. మూలధనం లెక్క, ఆదాయం లెక్క వేరువేరుగా నిర్ణీత రూపంలో చూపాలని 1868 నాటి రైల్వే చట్టం విధించింది. నేడు ఈ దేశంలో మన ఆలయాల వంటి ధర్మసంస్థలు ఏటేటా లెక్కలు సమర్పించే ఆచారం వెనుక ఇటువంటి అనుభవాలు ఎన్నో ఉన్నాయి.

పరాయిదేశంలో ఆలయం నిలబడాలంటే హడ్సన్ వంటి ఉత్సాహవంతులు కావాలి. హాలు వెతికేవాడు, అనుమతులు తెచ్చేవాడు, శిల్పులను పిలిపించేవాడు, అవసరమైతే తన జేబులోనుండి తీసి ఇచ్చేవాడు ఒకరిద్దరే ఉంటారు. వారిమీద మనకు గౌరవం ఉంటుంది. ఆ గౌరవమే వారిని లెక్క అడగకుండా మనలను ఆపుతుంది. అన్నగారిని అడిగితే ఏమనుకుంటారో, ఇంత చేసినవారిని అనుమానించినట్లు ఉంటుందేమో అని సంకోచిస్తాము. షార్లెట్ సంకోచం వంటిదే ఇదీ. ఆసుపత్రులలో ఒక మరణం సంభవించినప్పుడు వైద్యులమందరం కూర్చొని, ఏమి జరిగిందో వరుసగా ప్రశ్నించుకుంటాము. అనుభవజ్ఞుడైన పెద్ద వైద్యుని కూడ ప్రశ్నిస్తాము. అది నిందారోపణ కాదు. ఆయనకూ, రాబోయే రోగికీ అది రక్షణ. ఆలయపు ధనానికీ అంతే. లెక్క అడిగే సభ్యుడు కోశాధికారికి శత్రువు కాడు. అతనిని నిద్రపోనిచ్చే మిత్రుడు. 1842లోనో 1844లోనో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే, హడ్సన్ చెరసాలకు పోయేవాడు కాడేమో.

మన సంప్రదాయానికి ఇది కొత్త కాదు. భద్రాచల రామదాసు ప్రభుత్వపు పన్నుల సొమ్ముతో రామాలయం కట్టించి గోల్కొండ చెరలో మగ్గిన గాథ ప్రతి తెలుగు ఇంటా చెప్పుకుంటారు. ఖర్చు అయినది భగవంతుని కోసమే. ఖర్చుచేసినవాడు పరమభక్తుడే. అయినా ఆ బాకీ మాఫీ కాలేదు. రామలక్ష్మణులు సేవకుల రూపంలో వచ్చి తానీషాకు ఆరు లక్షల మాడలు చెల్లించారని, చెల్లించినట్లు రసీదు తీసుకుని దానిని రామదాసు వద్ద ఉంచారని ఆ గాథ చెబుతుంది. మహిమలు చేయగల దేవుడు కారాగారపు తలుపులు బద్దలుకొట్టి భక్తుని తీసుకుపోలేక కాదు. ప్రజల సొమ్మును పైసలతో సహా జమకట్టించి, రసీదు చేతికిచ్చి మరీ విడిపించాడు. మనం కొలిచే దైవం అటువంటివాడు. ఆయన హుండీలో పడిన ప్రతి పౌండుకూ అటువంటి రసీదు ఉండాలని, ఉన్నదా అని అడిగే చనువు మన సభ్యులందరికీ ఎల్లప్పుడూ ఉండాలని ప్రార్థిస్తున్నాను.

శుభం భూయాత్.